ఆదెమ్మపొయ్యి రాయి వయసు

ఒకటో చెప్పుడు

నా పేరు మజ్జి గవరమ్మ. తల్లి పేరు ఆదెమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నన్నడగొద్దు. ఈ కొండను ఏలే మీ బోర్డు వాళ్లు మొన్న నా దవడ ఎముకకు దీపం పెట్టి చూసి ఏదో రాసుకున్నారు, అది చూసుకోండి. ఇంట్లో ముగ్గురం: నేను, కోడలు దాలమ్మ, దాని చంటిపిల్ల. పిల్లకింకా పేరు పెట్టలేదు. నా కొడుకు పోయిన ఎండల్లో బయట పనికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇల్లు కొండ లోపల, మూడో తలుపు దాటాక ఎడమ చేతి సొరంగంలో. ఆ చోటు పేరు ఆదెమ్మపొయ్యి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాయడానికి న్యాయస్థానం వాళ్లు ఒక రాతపెట్టె ఇచ్చారు. అది నా మాటను మీ మాటలోకి సర్ది రాస్తోంది. చదివి వినిపించమంటే ఎవరో టీచరమ్మ మాట్లాడినట్టుంది. సర్దుకుంటే సర్దుకో అన్నాను. కానీ ఫలానా మనిషి ఇలా అన్నాడని నేను చెప్పినచోట మాత్రం ఒక్క అక్షరం ముట్టుకోవద్దని, ముట్టుకుంటే రుబ్బురాయి తెచ్చి నెత్తిన వేస్తానని చెప్పాను. సరేనంది.

బయటి మనుషులకు ఊరు ఉన్నట్టు మాకు పొయ్యి. సొరంగంలో కొత్తగా ఒక చోటు తొలిస్తే, అక్కడ మొదట గంజి కాచిన ఆడదాని పేరే ఆ చోటుకు పేరు. ఎండ బయట మనుషుల్ని తినడం మొదలుపెట్టినప్పుడు మా అమ్మ నన్ను చంకనేసుకుని ఈ కొండలోకి వచ్చింది. తొలిచిన గోడలోనే పొయ్యి చెక్కుకుని గంజి కాచింది. అప్పటికి ఈ కొండకు తలుపుల్లేవు, బోర్డు లేదు, మీరు లేరు.

ఇప్పుడు బోర్డు నోటీసు పంపింది. ఇనప తలుపులు పెట్టకముందు నుంచి ఉన్నవాళ్లు కొండలో ఉండొచ్చట, తర్వాత వచ్చినవాళ్లు బయట రేకుల షెడ్లకు పోవాలట. మేము తర్వాత వచ్చినవాళ్లమట! ఆ తలుపులు మోసుకొచ్చిన కూలీలకు నీళ్లు పోసిన చెయ్యి ఇది. ముందే ఉన్నట్టు రుజువు చూపించమంటారు. మాలో రాసేవాళ్లు ఎవరున్నారని, ఏం చూపించాలి?

రేకుల షెడ్డులో చంటిపిల్ల ఒక్క మధ్యాహ్నం బతకదు. అది నాకు తెలుసు, బోర్డుకూ తెలుసు. అందుకే న్యాయస్థానం పెద్దయ్యా, మీ ముందు ఈ కేసు.

తడితెరలు దించే వేళయింది. దించకపోతే వేడిగాలి లోపలికొచ్చేస్తుంది. ఈ పూటకు చాలు.

రెండో చెప్పుడు

పొద్దున్నే తెరలు ఎత్తి, గోడ వారన రాలిన ఎర్ర ఇసక ఊడ్చి, రాతిలోంచి బొట్టుబొట్టుగా కారిన నీళ్లు కుండలోకి వడకడుతుంటే ఒకాయన వచ్చాడు. పేరు పట్నాయక్, బోర్డు మనిషే. కేసు కోసమనుకుని చీపురు కింద పెట్టలేదు. ఆయన మా కోసం రాలేదు, గోడ కోసం వచ్చాడు.

ఈ కొండలో మిగతా రాళ్లన్నిటికీ పేర్లున్నాయట. మా సొరంగం తొలిచిన రాతిపట్టీ ఒక్కదానికే లేదట. రాతికి పేరు పెట్టాలంటే దగ్గర్లో మనుషులుండే చోటు పేరు తీసుకోవడం వాళ్ల పద్ధతట.

“ఈ చోటును ఏమంటారు మామ్మా?” అనడిగాడు.

“ఆదెమ్మపొయ్యి. మాయమ్మ పేరు. రాసుకో బాబూ, బాగా రాసుకో. మీవోలే మేం లేమంటన్నారు.”

ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. గోడలోంచి చిన్న పెచ్చు తీసి, అద్దం పెట్టి చూస్తూ నాకు ఒక్కొక్కటీ చూపించాడు. ఎర్రగింజలు గార్నెట్లట. ఇన్నేళ్లూ వాటిని ఊడ్చి ఊడ్చే నా నడుం వంగింది, పేరు ఇవాళ తెలిసింది. వేళ్లకు గుచ్చుకునే తెల్లదారాలు సిల్లిమనైట్. గాజుముక్కల్లా ఉండేవి క్వార్ట్జ్. ఉప్పు రంగువి ఫెల్స్పార్. బట్టలకు అంటుకుని ఉతికినా వదలని నల్లమసి గ్రాఫైట్. ఆ నల్లది తెలియక తెల్లకోటుతో గోడకు ఆనుకున్నాడు. వీపంతా నలుపు. పిల్లకు పాలిస్తున్న దాలమ్మ చూసి ఊరుకుంటుందా?

“బాబూ, మా గోడకి ఆనుకున్నోడు మా సుట్టమైపోతాడు. ఇంటికెల్తే మీ ఆడోలు అడుగుతారు, ఎవుల్తో ఉండొచ్చినావని.”

పాపం, నవ్వాడు. మంచివాడే. మంచివాళ్లతోనే మాకు ఎక్కువ నష్టం, అది తర్వాత చెబుతాను.

“ఈ రాయి ఒకప్పుడు బురద మామ్మా,” అన్నాడు. “సముద్రం అడుగున పేరుకున్న బురద. తర్వాత భూమి లోతుల్లోకి దిగిపోయి, నలిగి, ఉడికి ఇలా మారింది. అందుకే రూపాంతర శిల అంటాం. ఉడికి వంద కోట్ల ఏళ్లకు పైమాటే.”

“మరి బురదగా ఎన్నాలున్నాది?”

“అది చెప్పడం కష్టం. బాగా వేడి తగిలితే రాయి మరిచిపోతుంది. వయసు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.”

“మొత్తం మరిసిపోద్దా?”

ఆయన పెచ్చును ఇంకోసారి అద్దం కింద పెట్టాడు. “కొన్ని గింజల నడిబొడ్డున కాస్త మిగులుతుంది. మంట అంత లోపలికి పోలేకపోతే.”

మమ్మల్నీ అలాగే లెక్కేస్తున్నారనిపించింది నాకు. బోర్డు కింద కూలికి పేరు రాయించుకున్న రోజు నుంచే మాకు వయసు. అంతకు ముందున్నదంతా బురద.

వెళ్లబోతూ మూలనున్న అమ్మ పొయ్యి చూశాడు. అన్ని పొయ్యిలూ మసిబారి ఉన్నాయి, ఇదేమిటి ఎర్రమట్టి అలికి ఊరికే ఉందని అడిగాడు. చెప్పాను. చెబుతుంటే ఆయన మళ్లీ కూర్చుండిపోయాడు.

మూడో చెప్పుడు

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మాలో ఇంటి ఆడది చచ్చిపోతే ఆమె పొయ్యి మీద ఆఖరి గంజి కాస్తాం. ఆమె నోట ఒక చుక్క, పొయ్యి నోట ఒక చుక్క పోసి ఆర్పేస్తాం. ఎర్రమట్టి అలుకుతాం. ఆ తర్వాత దాన్ని ఎవరూ వెలిగించరు, పగలగొట్టరు. పగలగొట్టిన చెయ్యి ఎవరిదో, రేపు వాళ్లు పోయినప్పుడు వాళ్ల పొయ్యికి చుక్క పోసేవాళ్లుండరు. ఊరికే చల్లారిపోతుంది, దిక్కులేని కుక్కలా. మాకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

మా అమ్మ పోయింది తలుపులు రాకముందు. ఆ మరుసటి ఎండల్లో తలుపులు వచ్చాయి. మాలో ముందు పోయిన మిగతా ఆడవాళ్ల పొయ్యిల్ని బోర్డు వాళ్లు దారి వెడల్పు చేసినప్పుడు చెక్కేశారు. మిగిలింది అమ్మది ఒక్కటే.

పట్నాయక్ చెప్పింది ఇదీ: కాలిన రాయి ఖాళీ అయిపోతుందట. చల్లారాక చీకట్లో కూర్చుని ఏటేటా కాస్తంత వెలుగు కూడబెట్టుకుంటుందట. ఆ రాతిపొడిని ఆయన దగ్గరున్న ఒక పెట్టెలో వేసి మళ్లీ వేడి చేస్తే, కూడబెట్టుకున్న వెలుగంతా ఒక్కసారి కక్కేస్తుందట. ఎంత వెలుగు కక్కిందో చూస్తే ఆఖరి మంట ఎప్పటిదో తెలిసిపోతుందట.

“మీ అమ్మగారి పొయ్యి ఆరింది తలుపులకు ముందే అయితే, ఈ రాయే సాక్ష్యం మామ్మా. బోర్డు కాదనలేదు, పెట్టె వాళ్లదే.”

ఆఖరిసారి నేను నవ్వింది ఎప్పుడో గుర్తులేదు. నిన్న నవ్వాను.

మా పొయ్యికి పెద్ద నా తమ్ముడు చింతాడ సన్నాసి. ఆచారాలన్నీ వాడి నోటిమీదే ఉంటాయి. పట్నాయక్ వాడినీ అడిగాడు. పైపైన వేలెడు లోతు గీకడానికి ఒప్పుకున్నాడు, పగలగొట్టడానికి ససేమిరా అన్నాడు. బోర్డు నిబంధనలో కూడా అంతే ఉందట: ఆరిన పొయ్యిని గీకాలి, ఆ పొయ్యికి పెద్ద ఒప్పుకోకుండా పగలగొట్టకూడదు. మా ఆచారం మీద గౌరవంతో రాశారట. మమ్మల్ని బయట ఎండలో పారేయడానికి అడ్డం రాని గౌరవం.

పట్నాయక్ పెట్టె తీసుకుని రేపు వస్తాడు. నేనే దిగి వెళ్లి తలుపు దగ్గరి నుంచి తీసుకొస్తాను. దాలమ్మ పొద్దుటి నుంచి ఇల్లు అలుకుతోంది. పెళ్లివారు వస్తున్నట్టుంది దానికి.

నాలుగో చెప్పుడు

మెట్లు ఎక్కుతుంటేనే పొగ వాసన తగిలింది.

మా ఇంటి పొగ నాకు తెలియదా? ఇది వేరే పొగ. కాలిన ఎర్రమట్టి వాసన కలిసి ఉంది అందులో. వెనక పట్నాయక్ పెట్టె మోసుకుంటూ వస్తున్నాడు, నేను ముసలి కాళ్లతో పరుగెత్తాను.

అమ్మ పొయ్యి మండుతోంది. దాని మీద చోడి అంబలి, మీరు రాగి అంబలి అంటారు, ఉడుకుతోంది. చుట్టూ మా వాళ్లంతా కడిగిన బట్టలు కట్టుకుని నిలబడ్డారు. సన్నాసి తలపాగా చుట్టుకుని మధ్యలో ఉన్నాడు.

“ఎవుల్రా? ఈ పని సేసిందెవులు?”

దాలమ్మ గరిటె పట్టుకుని బిక్కచచ్చిపోయింది. “సన్నాసి మావ ఎలిగించమన్నాడత్తా.”

“ఏటప్పా, అలా అరుత్తావేటి?” అన్నాడు సన్నాసి. “వచ్చినోడు బోర్డు మనిసి. ఆ పొయ్యి కాడే కూకుంటాడు. సల్లారిన పొయ్యి ముందల సుట్టాన్ని కూకోబెడితే ఏటవుద్ది? ఆడి సావు కోరినట్టు కాదేటి? మన పని ఆడి సేతుల్లో ఉన్నాది. అందుకే ఓ గంట ఎలిగించమన్నాను. అమ్మ ఏటీ అనుకోదు.”

“సచ్చినోల పొయ్యి ఎలిగించకూడదని నీకు తెల్దా?”

“తెల్సు. సుట్టానికి సల్లపొయ్యి సూపకూడదనీ తెల్సు. రెండిట్లో ఏది పెద్దదో నువ్వు సెప్పు.”

నిజం చెబుతున్నాను. ఇంట్లో నేనుండి ఉంటే ఆపేదాన్నా? ఆపేదాన్ననే అనుకుంటున్నాను. కానీ వాడు తప్పు చేశాడని ఆచారం ఎరిగిన ఏ మనిషీ అనలేడు. వాడు అమ్మను అవమానించలేదు, చుట్టాన్ని అవమానించలేదు. రెండూ కాపాడబోయి మమ్మల్ని ముంచాడు.

పట్నాయక్ గుమ్మంలో నిలబడి మంట చూశాడు. వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. దాలమ్మ అంబలి ఇస్తే అందుకుని చివరి చుక్కదాకా తాగాడు. మంట ఆర్పించి, రాయి చల్లబడేదాకా కూర్చున్నాడు. తర్వాత గొంగళి కప్పుకుని దాని కింద గీకి, పొడి పెట్టెలో వేశాడు.

నన్ను కూడా గొంగళి కిందకు రమ్మన్నాడు. పెట్టెకు చిన్న కన్నం ఉంది. కన్ను పెట్టి చూశాను. ఏమీ లేదు. బావిలోకి చూసినట్టు నలుపు.

“ఎలగలేదేటి బాబూ?” బయటి నుంచి దాలమ్మ అడుగుతోంది. “ఇంకాసేపు సూడు బాబూ.”

“ఈ రాతికి ఈ పొద్దుటి మంటే గుర్తుందమ్మా,” అన్నాడు ఆయన.

అప్పుడు దానికి అర్థమయింది. గరిటె అక్కడే వదిలేసి, పిల్లను తీసుకుని మూలకు పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను ఒక మాట అన్నాను. “నీ మొగుణ్ణి ఎండ తినీసింది. పిల్లని నువ్వే ఎండకి ఒండి పెట్టినావు.” రాతపెట్టె ఆ మాట రాయాలా అని అడిగింది. రాయమన్నాను. నోటివెంట వచ్చింది కదా.

ఐదో చెప్పుడు

ఇవాళ రెండు వచ్చాయి, ఒకటి చేతికి, ఒకటి గోడకు.

చేతికి వచ్చింది బోర్డు తీర్మానం. రాతపెట్టె చదివింది: “ఇనప తలుపుల ఏర్పాటుకు ముందు ఆదెమ్మపొయ్యి అనే నివాసం ఉన్నట్టు ఆధారం లేదు. నివాసులు బయటి షెడ్లకు మారవలెను.”

గోడకు వచ్చింది రాగి పలక. బోర్డు కూలీలు మా గుమ్మం పక్కనే బిగించారు. మెరుస్తోంది, అందంగా ఉంది. అదేమిటో చదవమన్నాను. “ఆదెమ్మపొయ్యి శిలాశ్రేణి. రూపాంతర శిల. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్స్పార్, కొద్దిగా గ్రాఫైట్. వయసు వంద కోట్ల ఏళ్లు. ఇక్కడి నివాసం పేరిట నామకరణం చేయబడినది.”

మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివింది.

విన్నారా అయ్యా? నివాసం లేదని ఒక చేత్తో రాశారు, నివాసం పేరని ఇంకో చేత్తో రాశారు. ఒకే సంతకమట రెండిటి కిందా. మా సొరంగంలో పట్నం వాళ్లకు చల్లగదులు కడతారట, వాటికీ అదే పేరట. ఆదెమ్మపొయ్యి చల్లగదులు. పిల్లకు మా అమ్మ పేరే పెడదామనుకున్నాం. ఇప్పుడు బోర్డును అడిగి పెట్టుకోవాలేమో.

మధ్యాహ్నం తెరలు దించాక పట్నాయక్ ఒక్కడే వచ్చాడు. కోటు లేదు. పలక వైపు చూడకుండా లోపలికొచ్చాడు.

“పేరు నేను పంపించింది మామ్మా. తీర్మానం నాది కాదు.”

“మా పేరు నీకెందుకు ఇచ్చినానంటే మమ్మల్ని ఉంచుతావని. రాయి ఉంచుకోని మనుసుల్ని పారేత్తావని కాదు.”

ఆయన కింద కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు. ఏళ్ల తరబడి మండిన పొయ్యి జానెడు లోపలిదాకా కాలి ఉంటుందట. ఒక్క పొద్దుటి మంట అంత లోపలికి పోదట. జానెడు లోపల మా అమ్మ మంటే ఇంకా మిగిలి ఉండొచ్చట. కానీ నిబంధన వేలెడు లోతే. అంతకు మించాలంటే పొయ్యి పగలాలి, పగలాలంటే పెద్ద ఒప్పుకోవాలి.

“ఈ మాట న్యాయస్తానంలో సెప్తావా?”

“నా ఉద్యోగం పోతుంది మామ్మా. నా వాళ్లూ కొండలోనే ఉన్నారు. రెండో తలుపు దగ్గర.”

అంటే ఉద్యోగం పోతే వాళ్లూ షెడ్లకే. తిడదామనుకున్నాను. తాగడానికి నీళ్లిచ్చాను. మంచివాళ్లతోనే మాకు నష్టమని ముందే చెప్పాను.

సన్నాసి దగ్గరికి వెళ్లాను. వాడు ఆ రోజు నుంచి తలపాగా చుట్టుకోవడం లేదు, తిండి కూడా సరిగ్గా తినడం లేదు. జానెడు లోతు సంగతి చెప్పి పగలగొట్టడానికి ఒప్పుకోమన్నాను.

“ఒక్కసారి ఎలిగించి అమ్మకి ఒక పాపం సేసినాను. ఇప్పుడు పగలగొట్టమంటావేటి?” అన్నాడు. “నావల్ల కాదప్పా. షెడ్డులో సత్తే సత్తాను.”

“నువ్వు సత్తావు, నాను సత్తాను. మూలనున్న పసిగుంట ఏటి సేసింది?”

వాడు గోడవైపు తిరిగాడు. మా వాళ్లందరూ గోడవైపు తిరగడమే నేర్చుకున్నారు.

ఆరో చెప్పుడు

పగలగొట్టాను.

ఎలాగో వినండి, ఇది సాక్ష్యం. లోపలి ముక్కకు మంటే కాదు, వెలుగు తగిలినా కూడబెట్టుకున్నది పోతుందని పట్నాయక్ చెప్పాడు. అందుకని మధ్యాహ్నం తెరలు దించి, మా సొరంగంలో దీపాలన్నీ ఆర్పించాను. చెయ్యి కూడా కనపడలేదు. కొడుకు ఉలి, కొడుకు సమ్మెట తీసుకున్నాను. పొయ్యిని తడిమి చూసుకున్నాను. అమ్మ కూర్చునే చోట అంచు అరిగి ఉంది. అక్కడ మొదలుపెట్టాను.

మొదటి దెబ్బ నా వేలి మీద పడింది, రెండోదీ అంతే. మూడో దెబ్బకు ముందు అడుగుల చప్పుడయింది.

“అప్పా.” సన్నాసి గొంతు.

“ఆపడానికొచ్చినావేటి?”

“రేపు నీ పొయ్యి ఎవులార్పుతారే?”

“ఆర్పడానికి పొయ్యంటూ ఉండాలి కదరా.”

వాడు పక్కన కూర్చున్న చప్పుడయింది. చీకట్లో చెయ్యి వచ్చి నా చేతిలోంచి ఉలి తీసుకుంది.

“ఉలి నాను పట్టుకుంటాను. నీకు సిన్నప్పట్నుంచీ గురి లేదు.”

ఇద్దరం కలిసి కొట్టాం. ఎర్రగింజలు మొహం మీద పడుతుంటే తుడుచుకుంటూ కొట్టాం. జానెడు లోతు ముక్క ఊడి నా ఒళ్లో పడింది. దాలమ్మ గొంగళి పరిచి ఉంచింది. మూడు చుట్లు చుట్టి, తాడు కట్టి, అప్పుడు దీపం వెలిగించమన్నాను. దాలమ్మ మొహం చూశాను. అంబలి కాచిన రోజు తర్వాత అది నా మొహంలోకి చూడటం ఇదే. ఆ రోజన్న మాట తప్పని చెప్పలేదు. పిల్లను ఇలా ఇయ్యి, నువ్వు తిను అన్నాను. దానికి అర్థమయింది.

పొయ్యి ఉన్నచోట ఇప్పుడు గుంత. మా అమ్మ మూటలో ఉంది.

ఇదీ నేను అడిగేది. ఈ మూట మీ బల్ల మీద ఉంది. దీపం దగ్గర విప్పొద్దు, కిటికీ దగ్గర విప్పొద్దు. చీకటి గదిలో, గొంగళి కింద విప్పి, లోపలి వైపు గీకి పొడి బోర్డు పెట్టెలో వేయించి, పెద్దయ్యా, మీరే కన్నం దగ్గర కన్ను పెట్టండి. వేరేవాళ్లు చూసి చెప్పింది వినొద్దు. రాయి వెలిగితే మేము ఉన్నాం. పిల్ల కొండలో పెరుగుతుంది, పలక అలాగే ఉండనివ్వండి.

వెలగకపోతే మమ్మల్ని ఎండలోకి పంపండి, వెళతాం. కానీ అంతకు ముందు ఆ పలక పీకించండి. రాతికి మీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోండి, మీ బోర్డు పేరు పెట్టుకోండి. వంద కోట్ల ఏళ్లు పేరు లేకుండా బతికిన రాయి, ఇంకొన్నాళ్లు బతుకుతుంది. మా అమ్మ పేరు మాకిచ్చేయండి. బయట ఎక్కడ గంజి కాచుకుంటే అక్కడ పెట్టుకుంటాం. గంజి కాచుకునే దాకా బతికితే.

ముద్ర వేయడానికి బోర్డు వాళ్లు సిరా ఇవ్వలేదు. సిరా ఎందుకు, బొటనవేలు మా గోడకు రుద్దితే చాలు. కొద్దిగా గ్రాఫైట్ అని పలక మీద మీవాళ్లే రాశారు.

మజ్జి గవరమ్మ, బొటనవేలి ముద్ర.

సాక్షి: మజ్జి దాలమ్మ, ఆ పొయ్యి మీద ఆఖరి అంబలి కాచిన మనిషి. వేలిముద్ర.

సాక్షి: చింతాడ సన్నాసి, ఆదెమ్మపొయ్యి పెద్ద, ఉలి పట్టిన మనిషి. వేలిముద్ర.

మూడో సాక్షి ఉండాలన్నారు. పట్నాయక్ బాబుకు కబురు పంపాను. ఆయన చోటు ఖాళీగా ఉంచాను. వస్తే సంతకం పెడతాడు. రాకపోతే ఆ ఖాళీని కూడా చదువుకోండి.

సాక్షి: